మానిటర్ మూలన నీడ

స్విచ్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి. డబ్బా లోపల రంగు లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. సిగ్నల్ లేదని ఇంగ్లీషులో ఒక చిన్న ముక్క కనబడి, కాసేపు అటూ ఇటూ తిరిగి, అదీ ఆరిపోయింది. మూడు రోజులు నేల మీద కూర్చుని నా చేతులతో నేనే బిగించుకున్న కంప్యూటర్ అది. పక్కనే కుట్టుమిషన్ మీద ఎవరిదో జాకెట్టు కుడుతున్న నా భార్య మిషన్ ఆపి, ఒకసారి తెర వైపు, ఒకసారి నా మొహం వైపు చూసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

నేను ఉదయగిరిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. జామెట్రీ బొమ్మల్ని తెర మీద కదిలించి చూపిస్తూ వీడియో పాఠాలు చేయాలని చాలాకాలంగా కోరిక. యాభై దాటాక ఈ పనులేమిటని స్టాఫ్ రూములో నవ్వినా పట్టించుకోకుండా, వేసవి సెలవులు వచ్చేలోపల భాగాలన్నీ ఒక్కొక్కటిగా నెల్లూరు నుంచి తెచ్చిపెట్టుకున్నాను. ఎలా బిగించాలో ఫోనులో చూసి నేర్చుకున్నాను. ఎక్కడ తప్పు చేశానో మాత్రం తెలియలేదు.

ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. మా స్కూలు కంప్యూటర్లు చెడిపోతే ఆయన దగ్గరికే తీసుకుపోతాం. నా ఈడువాడే. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఇవి. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. ఆయనకు ఫోన్ చేశాను. మానిటర్ వైరు ఎక్కడ పెట్టానో అడిగాడు. చెప్పాను. అది పెట్టాల్సింది మదర్ బోర్డుకు కాదని, కింద గ్రాఫిక్స్ కార్డుకని చెప్పాడు. మార్చాను. అయినా తెర రాలేదు.

"ఒక్కొక్కటే మార్చి చూడండి సార్," అన్నాడు. "రెండు ఒకేసారి మార్చబాకండి. రెండు మారిస్తే తప్పు దేంట్లో ఉండాదో ఎప్పటికీ తెలవదు."

మరుసటి రోజంతా అదే పని. వైరు మార్చాను. కార్డు ఊడదీసి మళ్లీ పెట్టాను. చివరికి ర్యామ్ దగ్గరికి వచ్చాను. ఆ పలక ఎక్కడ విరుగుతుందోనని మెల్లగా తాకుతుంటే, నా భార్య లేచి వచ్చి పక్కన నిలబడింది. అంత భయపడితే ఏదీ బిగుసుకోదని, గట్టిగా నొక్కమని చెప్పింది. నొక్కాను. టక్కుమని చప్పుడైంది. స్విచ్ వేస్తే తెర మీద వెలుగు వచ్చింది. నేను చిన్నపిల్లాడిలా ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాను. మొదటి నుంచీ ర్యామ్ సగమే కూర్చుందన్న మాట.

పది రోజులు హాయిగా గడిచాయి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేవాణ్ని. త్రిభుజాలు గీశాను, వృత్తాలు గీశాను, వాటికి నా గొంతు కలిపాను. బయట కొండ మీది నుంచి వేడిగాలి దిగుతుండేది. లోపల నా ఫ్యాన్ల చప్పుడు, ఆమె మిషన్ చప్పుడు.

పదకొండో రోజో, పన్నెండో రోజో తెర మీద చిన్న చిన్న నల్ల చుక్కలు కనబడ్డాయి. దుమ్ము అనుకుని మెత్తటి గుడ్డతో తుడిచాను. తుడిచినా పోలేదు. తర్వాత కుడి అంచున అప్పుడప్పుడూ తళుక్కుమని ఒక మెరుపు. డబ్బా లోపలి రంగు లైట్లు అద్దంలో పడుతున్నాయేమోనని వాటిని ఆర్పేశాను. మెరుపు ఆగలేదు. కరెంటులో హెచ్చుతగ్గులేమో అనుకున్నాను.

ఆ తర్వాత గీత వంగింది.

ఒక త్రిభుజానికి భూమి గీశాను. తిన్నగా ఉండాల్సిన గీత మధ్యలో కొంచెం కిందికి జారినట్టుంది, తడిబట్టల బరువుకు దండెం తాడు జారినట్టు. చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ అంతే. టేబుల్ మీది ప్లాస్టిక్ స్కేలు తీసి తెరకు ఆనించి చూశాను. స్కేలు, గీత సరిగ్గా కలిశాయి. కొలిచినప్పుడు సరిగ్గా ఉంది, తీసేస్తే వంగుతోంది, అంటే ఈ జబ్బు వస్తూ పోతూ ఉందనుకున్నాను. వంగిన గీతతో తిన్నని స్కేలు ఎలా కలిసిందని నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ని.

మళ్లీ ఒక్కొక్కటే మార్చడం మొదలుపెట్టాను. కొత్త వైరు తెప్పించాను. గ్రాఫిక్స్ కార్డుకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. తెరను ఫొటో తీసి ఫోనులో చూస్తే గీత తిన్నగా ఉంది. దాంతో నాకు మరీ ధైర్యం వచ్చింది. ఇది కెమెరాకు చిక్కని తప్పు, మానిటర్ అద్దం లోపలే ఏదో చెడిందని తేల్చుకున్నాను. రెండు రోజులకు కుడివైపు కింది మూలన బూడిదరంగు నీడ ఒకటి మొదలైంది. పొద్దున చిన్నదిగా ఉండి సాయంత్రానికి పెరిగినట్టనిపించేది.

నా భార్యను పిలిచి చూపించాను. ఆమె జాకెట్లు కుట్టే మనిషి. నూలుపోగంత వంకర వచ్చినా మైలు దూరం నుంచి పట్టేస్తుంది. తెర దగ్గరికి వంగి, దూరం జరిగి, పక్కనుంచి కూడా చూసింది.

"గీత తిన్నగానే ఉండాది," అంది. "మూలన నీడా లేదు, ఏమీ లేదు. నాకంతా బాగానే కనపడతా ఉండాది."

నాకు కోపం వచ్చింది. కుట్టుమిషన్ తప్ప నీకేం తెలుసని అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. చదువుకున్నవాడు చెప్తుంటే వినడం నేర్చుకోమని కూడా అన్నాను. ఆమె పోయి మిషన్ ముందు కూర్చుంది గాని, చాలాసేపు తొక్కలేదు.

మరుసటి పొద్దున మానిటర్‌ను అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, ఆత్మకూరు బస్సెక్కాను. పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా కుడివైపు కింద మసకగానే ఉంది. పొలాల మీద, రోడ్డు పక్క మేకల మీద, ముందు సీటు వెనక కడ్డీ మీద. చెడిపోయిన మానిటర్ చూసీ చూసీ నా కళ్లు కూడా చెడిపోతున్నాయని, అమ్మినవాడికి గట్టిగా చెప్పాలని మనసులో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాను.

అంగడికి చేరేసరికి పదకొండు. ఆయన పెట్టె విప్పి, నా మానిటర్‌ను తన కంప్యూటర్‌కు తగిలించాడు. నిలువు గీతలు, అడ్డం గీతలు ఉండే బొమ్మ ఒకటి తెర నిండా తెచ్చాడు. ఎక్కడ వంగిందో చూపించమన్నాడు. వేలు పెట్టి చూపించాను. నీడ ఎక్కడుందో చూపించాను. ఆయన ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి పోయి చూసి, సరేనని మానిటర్ తీసి పక్కన పెట్టి, తన మానిటర్ తగిలించాడు.

దాంట్లోనూ అదే గీత వంగింది. అదే మూలన అదే నీడ. ఇక్కడ కూడా ఉందే అన్నాను, కొంచెం ఉత్సాహంగానే. తప్పు కంప్యూటర్ల నుంచి వస్తోందేమోనని కూడా అన్నాను. ఆయన లోపలికి పోయి, ఎవరో బాగుకని ఇచ్చిపోయిన పాత చిన్న మానిటర్ తెచ్చాడు. వైరు మార్చాడు. ఇంకో కంప్యూటర్‌కు తగిలించాడు. నేను చూసి, దీంట్లో కూడా అన్నాను.

అప్పుడాయన తెర వైపు చూడటం మానేసి నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"మూడు మానిటర్లు మార్చినాం సార్. వైరు మార్చినాం, కంప్యూటర్ మార్చినాం," అన్నాడు మెల్లగా. "ఇంక మారనిది మీరొక్కరే. ఒక కన్ను మూసుకొని చూడండి."

కుడికన్ను మీద చెయ్యి పెట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి నా ఎడమకన్ను మందం. దాంతో చూస్తే అంతా మసకే. కానీ ఆ మసకలోనే గీతలన్నీ తిన్నగా నిలబడ్డాయి. మూలన నీడ లేదు. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసుకున్నాను. గీతలు వంగాయి. నీడ వచ్చి కూర్చుంది. తల తిప్పి రోడ్డు వైపు చూశాను. నీడ నాతో పాటే తిరిగి, ఎదురుగా ఆగి ఉన్న షేర్ ఆటోల మీద పడింది. ఆయన మొహం వైపు చూస్తే ఆయన భుజం మీద పడింది.

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఇన్ని రోజులుగా డబ్బా విప్పాను, బిగించాను, తుడిచాను, మనుషుల మీద అరిచాను. ఆ నీడ తెర మీద ఒక్క రోజు కూడా లేదు. అది నాలో ఉంది. చూసే చోటల్లా నాతో తిరిగింది. అయినా నేను దానికి మానిటర్ మూలలోనే చోటు పెట్టాను.

ఆయన నీళ్లు తెచ్చిచ్చాడు. వాళ్లమ్మకు కూడా ఇట్లాగే అయిందని చెప్పాడు. కంటి ముందు పరదా జారినట్టుందని ఆమె అంటుంటే, వయసు మీద పడిందిలే అని ఇంట్లో అందరూ ఊరుకున్నారట. ఆస్పత్రికి పోయేసరికి ఆ కన్ను పూర్తిగా పోయిందట. నేను ఇంటికి పోయి, భార్యకు చెప్పి, రేపు నెల్లూరు పోతానన్నాను.

"రేపు కాదు సార్, ఇప్పుడే," అన్నాడు. "మా అమ్మీ విషయంలో మేమూ రేపే అనుకున్నాం."

అంగడి షట్టర్ దించి నాతో పాటు బయల్దేరాడు. వద్దన్నా వినలేదు. బస్సెక్కేటప్పుడు, దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది, కానీ విడిపించుకోలేదు. దారిలో నా భార్యకు ఫోన్ చేశాను. చెడింది మానిటర్ కాదని, నా కన్నని చెప్పాను. అవతల మిషన్ చప్పుడు ఆగింది. తాను ఉన్నపళంగా బయల్దేరి వస్తున్నానని, నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మని అంది. ఎందుకు, ఎట్లా అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నెల్లూరులో కంటి ఆస్పత్రిలో మందు చుక్కలు వేసి, గంటసేపు కూర్చోబెట్టి, చీకటిగదిలోకి పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ. తలకు లైటు కట్టుకుని, పైకి చూడమని, కిందికి చూడమని, పక్కకు చూడమని చెబుతూ చాలాసేపు వెదికింది. నేను ఆమె ఊపిరి చప్పుడు వింటూ కూర్చున్నాను. పరీక్ష అయ్యాక లైటు ఆర్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

కంటి లోపల, వెనక గోడకు అంటుకుని ఉండే పొర చిరిగిందట. ఆ చిరుగులోంచి నీరు దూరి, గోడ చెమ్మకు సున్నం పెచ్చు లేచినట్టు పొర లేస్తోందట. చుక్కలు, మెరుపులు దానికి మొదటి గుర్తులట. నాలా పెద్ద నంబరు అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందట. ఎన్నాళ్లుగా ఉందని అడిగింది. ఇన్నాళ్లూ మానిటర్ బాగుచేసుకుంటున్నానని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"చూపుకు ముఖ్యమైన నడిమి భాగం అంచులు కదులుతున్నాయండీ. అందుకే మీకు గీతలు వంగుతున్నాయి. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేస్తాం. ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే ఎంత చూపు వస్తుందో నేను చెప్పలేకపోయేదాన్ని," అంది.

సాయంత్రానికి నా భార్య వచ్చింది. అంతవరకు కూర్చున్న ఆయన ఆమెకు అన్నీ అప్పగించి, ఆఖరి బస్సు తప్పిపోకముందే వెళ్లిపోయాడు. నా మంచం పక్కన బల్ల మీద కూర్చుని ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను ఆమె మొహాన్ని కుడికంటితోనే చాలాసేపు చూశాను. మళ్లీ కనబడుతుందో లేదోనని.

ఆపరేషన్ తర్వాత నా కంట్లో గాలిబుడగ లాంటిది పెట్టారు. అది పొరను గోడకు ఒత్తి పట్టుకోవాలంటే వారం రోజులు తల వంచుకునే ఉండాలి. తింటున్నా, కూర్చున్నా, పడుకున్నా మొహం నేలకే. ఉదయగిరికి కారులో వెనక సీట్లో ఆమె ఒళ్లో మొహం పెట్టుకుని వచ్చాను. విమానం ఎక్కకూడదని, ఎత్తైన కొండలెక్కకూడదని, ఎక్కితే ఆ బుడగ ఉబ్బి కన్ను పోతుందని రాసిచ్చారు. కొండ కిందనే మా ఊరు. కొండెక్కే పని ఏం లేకపోయినా, ఆ కాగితం చదివాక కొండంటేనే భయం పుట్టింది.

ఆ వారం నేను చూసిందంతా మా ఇంటి గచ్చు, మనుషుల పాదాలు. చర్చి నుంచి ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లను చెప్పులు చూసి గుర్తుపట్టాను. ఎక్కువగా చూసింది నా భార్య పాదాలు. మిషన్ తొక్కీ తొక్కీ కుడి మడమ కాయ కాసి ఉంది. ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను, దాన్ని ఎప్పుడూ గమనించలేదు. మూడో రోజు ఆమె అన్నం తెచ్చి కింద పెడుతుంటే, ఆ పాదాలతోనే చెప్పాను, ఆ రోజు నేనన్న మాటలు తప్పని. నువ్వు చూసిందే నిజమని.

పాదాలు కదల్లేదు. నా నోట్లో మాట తడబడటం, కంటి కట్టు కింద తడి చేరడం చూసిందేమో.

"ఏడవబాకండి, కన్ను పాడవతాది," అంది. "తల కూడా ఎత్తబాకండి."

కాసేపటికి నా పక్కన నేల మీద పడుకుని, కింది నుంచి నా మొహంలోకి చూసింది. ఆ మాటలు బాగా బాధపెట్టాయని అప్పుడు చెప్పింది. చెప్పి, అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

బుడగ రోజురోజుకూ చిన్నదైంది. చూపు పైనుంచి కొంచెం కొంచెంగా తేటపడింది. నెల తిరిగేసరికి బుడగ పూర్తిగా పోయింది. నీడ పోయింది. గీతల్లో మాత్రం ఒక చిన్న జారుడు మిగిలింది. అది అంతేనని, అలవాటు పడాలని డాక్టరమ్మ చెప్పింది. ఎడమకంట్లో కూడా పొర రెండు చోట్ల పల్చబడి ఉందని లేజర్ పెట్టారు. ఆత్మకూరు ఆయన ఒక ఆదివారం నా మానిటర్‌ను తనే మోసుకొచ్చి తగిలించి, టీ తాగి పోయాడు.

స్కూలుకు ఆలస్యంగా చేరాను. మొదటి రోజు తొమ్మిదో తరగతిలో పిల్లలు కన్ను గురించి అడిగారు. జరిగింది చెప్పాను. చెప్పి, మీరూ ఒక్కో కన్ను మూసుకుని బోర్డు చదవండి అన్నాను. ఏదో వాళ్లకు గుర్తుండాలని చేయించానే గాని, ఏమీ అనుకోలేదు. పిల్లలు నవ్వుకుంటూ వరసగా చదివారు. రెండో బల్ల మీది ఒక అమ్మాయి ఎడమకన్ను మూసుకుని ఊరికే నిలబడిపోయింది. చదవమన్నాను.

"ఈ కంటితో కనపడదు సార్," అంది.

ఎప్పటి నుంచి అన్నాను.

"ఎప్పుడూ అంతే సార్. అందరికీ ఒక కన్ను అంతేననుకున్నా."

నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. వాళ్ల నాయనను పిలిపించి, ఇద్దర్నీ నేనే నెల్లూరు తీసుకుపోయాను. చిన్నప్పుడే కనిపెట్టి ఉంటే ఆ కన్ను బాగా పనిచేసేదని, ఇప్పుడు కొద్దిగా తప్ప రాదని డాక్టరమ్మ చెప్పింది. బాగున్న కన్నును కాపాడుకోమని అద్దాలు రాసింది. వాళ్ల నాయన కారిడార్‌లో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఆ పిల్ల ఆరో తరగతి నుంచి నా క్లాసులోనే ఉంది. బోర్డు వైపు ఎప్పుడూ తల కొంచెం పక్కకు తిప్పి చూసేది, ఎడమకంటితో చూడటానికి. నేను పాఠం ఆపి, తల తిన్నగా పెట్టి కూర్చోమని మూడేళ్లు తిట్టాను. తిట్టినప్పుడల్లా ఆమె తల తిన్నగా పెట్టుకునేది.